నాలుక వాచిన రోజుల్లో నాకు అన్నం పెట్టిన తిరుపతి మెస్సు

తిరుపతి బైరాగిపట్టెడలో, పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగే ఒక సందులో ఆరు బల్లలు మాత్రమే పట్టే శాకాహార మెస్సు ఒకటి ఉంది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తానని అడిగినప్పుడు దాన్ని నడిపే పెద్దావిడ, "వొద్దు నాయనా, మేము వండేది యాభై మందికి. పేరు రాస్తే నూరు మంది వస్తారు, మిగిలినోళ్లకు ఏం పెట్టేది?" అన్నారు. ఈ సమీక్ష చదివేవారికి ముందుగా ఒక విషయం చెప్పాలి. మే, జూన్ నెలల్లో మాత్రమే నేను అక్కడ ఆరోగ్యంగా ఉన్న నాలుకతో తిన్నాను. జూలై నుంచి నవంబరు దాకా వాచి, ఎర్రబడి, అంచుల్లో పళ్ల గుర్తులు పడిన నాలుకతో తిన్నాను. అందువల్ల రుచి విషయంలో నా తీర్పును పూర్తిగా నమ్మనక్కర్లేదు. అన్నం ఎంత వేడిగా ఉంది, పప్పులో మిరపకాయ ఎక్కడ దాక్కుంది, మజ్జిగలో అల్లం ముక్క పడిందా లేదా అన్న విషయాల్లో మాత్రం ఆ మెస్సును నాకన్నా నిక్కచ్చిగా పరీక్షించినవారు ఉండరు.

నా వయసు యాభై మూడు. సొంతూరు పలమనేరు, ఉద్యోగం తిరుపతిలో. శనివారం సాయంత్రం ఊరికి పోయి సోమవారం పొద్దునకు తిరిగి వస్తాను. తొమ్మిదేళ్లుగా చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్, నాలుగేళ్లుగా కడుపు మంటకు రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకుంటున్నాను. ఇంట్లో తరతరాలుగా శాకాహారమే. ఈ మూడు సంగతులకూ నాలుకకూ సంబంధం ఉందని నాకు అప్పటికి తెలియదు.

నాలుక వాచిందని మొదట తెలిసింది బస్సులో. శ్రీకాళహస్తికి టిక్కెట్టు అడిగితే కండక్టరు రెండుసార్లు "ఎక్కడికి సార్?" అన్నాడు. 'ళ' పలకాలంటే నాలుక కొనను వెనక్కి మడిచి అంగిలికి తగిలించాలి. ఆ రోజు నా నాలుక మడత పడలేదు, పరాయి వస్తువేదో నోట్లో పెట్టుకున్నట్టు అడ్డంగా ఉండిపోయింది. సాయంత్రం గదికి వచ్చి అద్దం ముందు నాలుక చాపి చూసుకుంటే, రెండు అంచుల్లోనూ కజ్జికాయ అంచు నొక్కినట్టు పళ్ల గుర్తులు వరుసగా కనిపించాయి. మధ్య భాగం మీద ఉండవలసిన సన్నని గరుకుతనం పోయి, నున్నగా, ఎర్రగా మెరుస్తోంది. రాత్రి వెల్లకిలా పడుకుంటే నాలుక గొంతు వైపు జారి గురక వచ్చేది, ఊపిరి పట్టేసి మెలకువ వచ్చేది. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోవడం అప్పుడు అలవాటైంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మెస్సులో నాలుగు ముద్దలు తిని పళ్లెం జరిపేశాను. పెద్దావిడ నీళ్ల జగ్గుతో వచ్చి నిలబడ్డారు. "ఏం నాయనా, కూడు అట్లే ఇడిసిపెడితివి?"

"నాలుక వాచిందమ్మా. కారం తగిలితే నిప్పు పెట్టినట్టు ఉంది."

"ముందే చెప్పొద్దా మరి? రేపట్నించి నీకు తాళింపు ఎయ్యకముందే ఎత్తిపెడతా."

ఈ మెస్సుకు నేను ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క మాటకే దక్కుతాయి. అంతకుముందు వారం రోజుల్లో నేను వెళ్లిన రెండు హోటళ్లలో కారం తక్కువగా కావాలని అడిగితే, సర్వరు గరిటెతో పప్పులోని ఎండు మిరపకాయలను ఏరి పక్కన పెట్టి ఇచ్చాడు. దానివల్ల ప్రయోజనం లేదు. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది; తాళింపులో మిరపకాయ చిటపటలాడిన క్షణంలోనే మంట నూనెలోకి దిగి, ఆ నూనె పప్పంతటా పరుచుకుంటుంది. కాయను తీసేసినా మంట పళ్లెంలోనే ఉంటుంది. నీళ్లు తాగితే తగ్గకపోవడానికీ కారణం ఇదే. పాలలోనూ పెరుగులోనూ ఉండే మాంసకృత్తు కాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీది నుంచి తీసుకుపోతుంది కనుక అవి తాగితే మంట దిగుతుంది. పెద్దావిడకు ఈ రసాయన శాస్త్రం ఎవరూ చెప్పి ఉండరు, అయినా ఉడికిన పప్పును తాళింపుకు ముందే గిన్నెలోకి తీసి, ఉప్పు, చెంచాడు నెయ్యి వేసి మూత పెట్టి ఉంచేవారు.

వేడి సంగతి కూడా అంతే ముఖ్యం. నాలుక మీద కారాన్ని గుర్తుపట్టే గ్రాహకమూ సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని గుర్తుపట్టే గ్రాహకమూ ఒకటే. అందుకే పొగలు కక్కే రసంలో కొంచెం మిరియం పడినా నిలువునా మండుతుంది, అదే రసం చల్లారాక కొంత ఓర్చుకోవచ్చు. మన వైపు అన్నం పొగలు కక్కుతూ వడ్డించడమే మర్యాద. చల్లారిన కూడు పెడితే విస్తరి ముందు నుంచి లేచిపోయిన పెళ్లివారి కథలు మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అటువంటి చోట, పన్నెండున్నరకు వచ్చే నాకోసం పన్నెండింటికే అన్నం పళ్లెంలో ఆరబెట్టి ఉంచడానికి వడ్డించేవాళ్లకు మనసొప్పడానికే పది రోజులు పట్టింది. పక్క బల్ల మీది పెద్దమనిషి ఒకరు ఒకనాడు నా పళ్లెం చూసి, "సార్‌కు చల్లటన్నం పెడ్తా ఉండారేమ్మా?" అని నా తరఫున గొడవ పెట్టుకున్నారు కూడా.

ఇక సంగటి గురించి విడిగా రాయాలి, ఎందుకంటే ఈ మెస్సు పేరు తెచ్చుకున్నదీ దానితోనే, నా నాలుకకు ఎక్కువ మేలు చేసిందీ అదే. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, ఉండలు కట్టకుండా తెడ్డుతో గిలకొట్టి, తడి చేత్తో ముద్ద చేస్తారు. రాగి సంగటిని నమలరు. చిన్న ఉండ తుంచి పులుసులో అద్ది నాలుక మీది నుంచి గొంతులోకి జార్చడమే మా జిల్లాలో పద్ధతి. వాచిన నాలుకకు అన్నిటికంటే కష్టమైన పని ముద్దను పళ్ల కిందికి తోయడం, మళ్లీ వెనక్కి లాగడం, అంచులకు తగలకుండా తిప్పడం. ఆ పనంతా సంగటి తప్పిస్తుంది. వంకాయ పులుసుకు బదులు గడ్డ పెరుగులో అద్దుకుని మింగితే ఏ గీటూ తగలకుండా కడుపు నిండుతుంది. అయితే సంగటి చల్లారితే బిగుసుకుంటుంది, అంచులు గట్టిపడతాయి. గోరువెచ్చగా ఉన్న ఆ పది నిమిషాలలోనే తినాలి. ఆలస్యమైన రోజుల్లో పెద్దావిడ ముద్దను మజ్జిగలో చిదిమి అంబలి చేసి ఇచ్చేవారు. పక్కన వేసే ఊరుబిండిని మాత్రం నేను ఐదు నెలలు కళ్లతోనే తిన్నాను. వేయించిన చెనిక్కాయలు, పచ్చిమిర్చి, చింతపండు, రోట్లో కచ్చాపచ్చాగా నూరిన గరుకు: పుండైన నాలుకకు ఏవేవి పనికిరావో అవన్నీ ఒకే ముద్దలో ఉన్న పదార్థం అది.

చింతపండు, టమాటా, నిమ్మకాయ, అనాసపండు, ఊరగాయ, కరకరలాడే అప్పడం, దోసె అంచు, వేడి కాఫీ: ఐదు నెలలూ వీటికి దూరంగా ఉన్నాను. తీపి వస్తువు కదా అని ఒకసారి శ్రీవారి లడ్డూ కొరికితే అందులోని కలకండ ముక్క నాలుక అంచున పళ్ల గుర్తులోకి దిగి, కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. తర్వాత నుంచి లడ్డూను పాలలో నానబెట్టి తిన్నాను. స్వామివారి ప్రసాదాన్ని అలా తినడం అపచారమేమీ కాదని మా ఆవిడ తీర్పు చెప్పింది.

ఇన్ని మంచి మాటలు రాశాక మెస్సు లోపాలు దాచడం న్యాయం కాదు. మొదటిది మజ్జిగ. ఈ మెస్సులో మజ్జిగకు పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు నూరి కలుపుతారు. అది పొద్దున్నే ఒకే పెద్ద అండాలో తయారవుతుంది. నాకు ఉత్త మజ్జిగ ఇవ్వమని కనీసం పదిసార్లు చెప్పాను. పెద్దావిడ ఉన్నప్పుడు దొరికేది, ఆమె లేని రోజు వడ్డించే కుర్రవాడు "వడగట్టినాను సార్" అంటూ అదే మజ్జిగ తెచ్చేవాడు. వడగడితే తునకలు పోతాయి కానీ ఘాటు పోదు. రెండోది పొంగలి. శుక్రవారం పొద్దున పెట్టే కట్టెపొంగలి మెత్తగా, నెయ్యితో, అచ్చం నాలాంటివాడి కోసమే చేసినట్టు ఉంటుంది. అందులో దాక్కున్న ఒక్క మిరియపు గింజ పంటి కింద నలిగితే ఆ రోజంతా వృథా. మూడోది, అసలైన ఫిర్యాదు, తమిళుల పెరటాసి నెలలో వచ్చే శనివారాలది. ఆ రోజుల్లో తమిళనాడు నుంచి వచ్చే భక్తులతో ఊరంతా నిండిపోతుంది, ఈ సందులోకి కూడా జనం వస్తారు. అటువంటి ఒక శనివారం నాకు ఎత్తిపెట్టిన పప్పు వేరొకరికి పోయింది. నాకు వచ్చిన పప్పు చూడటానికి ఒకేలా ఉండటంతో ఒక ముద్ద పెట్టుకున్నాను. ఆ మంట రాత్రి పది దాకా తగ్గలేదు. సోమవారం అడిగితే పెద్దావిడ తప్పు ఒప్పుకున్నారు, డబ్బులు వెనక్కి ఇవ్వబోయారు. నేను తీసుకోలేదు, కానీ ప్రత్యేకంగా తీసి ఉంచిన గిన్నె మీద ఒక గుర్తు పెట్టడానికి అంతటి సంఘటన జరగనక్కర్లేదు. ఇప్పుడు ఆ గిన్నె చెవికి ఎర్ర దారం కట్టి ఉంటుంది.

పార్సిల్ గురించి ఒక్క మాట: తీసుకోకండి. పొగలు కక్కే పప్పును పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు, నాలుక బాగున్నవారికి కూడా అది మంచిది కాదు.

మెస్సు ఎంత బాగా పెట్టినా అన్నం అన్నమే, వైద్యం వైద్యమే. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది, ఆ ఆలస్యం పూర్తిగా నాదే. మొదట పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక పంటి మొన గరుకుగా ఉందని రాపిడి చేసి నునుపు చేశారు. గీసుకుపోవడం తగ్గింది, వాపు తగ్గలేదు. తర్వాత మందుల షాపులో అడిగి నోటి పుండుకు పూసే జెల్లు కొన్నాను. పూసిన పావుగంట మొద్దుబారినట్టు హాయిగా ఉండేది, ఆపైన మంట మళ్లీ మొదలు. ఘాటైన మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఇంకా మండింది. నురగ ఎక్కువగా వచ్చే టూత్‌పేస్టు మానేసి, సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్టూ మెత్తటి బ్రష్షూ వాడటం మొదలుపెట్టాక పొద్దుటిపూట మంట కొంత తగ్గింది. వీటన్నిటికంటే చవకైన ఉపాయం మెస్సు కుళాయి దగ్గరే దొరికింది: గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచాడు వంటసోడా కలిపి, భోజనానికి ముందూ తర్వాతా పుక్కిలించడం. తినబోయే ముందు చిన్న మంచు ముక్క చప్పరిస్తే పది నిమిషాల పాటు నాలుక అదుపులో ఉండేది.

చివరికి అక్టోబరులో తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకున్నాను. డాక్టరు గారు నాలుక చూడకముందే మాత్రల పేర్లు అడిగారు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ వంటి మాత్రలు వేసుకునేవారిలో కొందరికి, ఏళ్ల తరబడి వాడిన తర్వాత కూడా, నాలుకా పెదవులూ ఉన్నట్టుండి వాచే ప్రమాదం ఉందట. నాకు బీపీ లేదు. మెట్‌ఫార్మిన్ తొమ్మిదేళ్లు, కడుపు మంట మాత్ర నాలుగేళ్లు, శాకాహారం అన్నాక ఆయన తల ఊపి, నన్ను బల్ల మీద పడుకోమని, ఒక ట్యూనింగ్ ఫోర్కును మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనించారు. "వణుకు తెలుస్తోందా?" అని అడిగారు. ఏదో తగిలిందని తెలిసింది కానీ వణుకు తెలియలేదు. అదే ఫోర్కు మోకాలి మీద పెడితే జుమ్మని తెలిసింది. నాలుక బాగాలేదని వెళ్తే పాదాలు బాగాలేవని తేలడం ఆ రోజు నన్ను నిజంగా భయపెట్టింది.

రక్త పరీక్షలో బి12 విటమిన్ 131 ఉంది. 200 కంటే తగ్గితే లోటు కింద లెక్క. హిమోగ్లోబిన్ పది దాటి కొంచెం, ఎర్ర కణాల పరిమాణం మామూలుకంటే పెద్దది. థైరాయిడ్ తగ్గినా నాలుక లావెక్కుతుంది కనుక అదీ చూశారు, అది సరిగానే ఉంది. నాలుక పైపొరలోని కణాలు రోజుల లెక్కన రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. కొత్త కణం పుట్టడానికి బి12 కావాలి. అది తగ్గినప్పుడు వేగంగా మారే చోటే ముందు దెబ్బ తగులుతుంది. ఈ విటమిన్ మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపల నుంచి రావాలి. మెట్‌ఫార్మిన్, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు రెండూ దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. రోజూ గడ్డ పెరుగు తింటున్నాను కదా అని నేను వాదించబోయాను. తిన్నది పట్టకపోతే పెరుగు ఎంత తిన్నా లాభం తక్కువ అన్నారు. చక్కెర మాత్ర సొంతంగా ఆపవద్దని గట్టిగా చెప్పి, వెయ్యి మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి రాశారు. ఐదో ఇంజెక్షనుకు మంట తగ్గింది, మూడు వారాలకు అంచుల గుర్తులు పల్చబడ్డాయి, నున్నబడిన చోట గరుకు తిరిగి రావడానికి నవంబరు చివరి దాకా పట్టింది. నరాలకూ ఈ విటమిన్ కావాలి; పాదాల తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు.

నాది నెలల తరబడి నెమ్మదిగా వచ్చిన వాపు కాబట్టి మెస్సు వెతుక్కునేంత తీరిక దొరికింది. ఏదైనా తిన్న తర్వాతో, మందు వేసుకున్న తర్వాతో, పురుగు కుట్టిన తర్వాతో నిమిషాల్లో, గంటల్లో నాలుక వాస్తే, పెదవులు లావెక్కితే, గొంతు మారితే, చొంగ మింగలేకపోతే, ఊపిరిలో ఈల శబ్దం వస్తే, మంచు ముక్కలూ వంటసోడా పక్కన పెట్టి 108కి ఫోను చేయాలి.

మళ్లీ మెస్సు సంగతికి వస్తాను. భోజనం తొంభై రూపాయలు. నాకోసం తాళింపు లేకుండా ఎత్తిపెట్టినందుకు గానీ, పెరుగు రెండోసారి వేసినందుకు గానీ ఒక్క రూపాయి అదనంగా తీసుకోలేదు. మధ్యాహ్న భోజనం పన్నెండుంబావుకు మొదలుపెడతారు, రెండున్నరకల్లా సంగటి అయిపోతుంది. బల్ల పంచుకోక తప్పదు, ఇరవై నిమిషాలు నిలబడక తప్పని రోజులుంటాయి, చేతులు కడుక్కునే చోట నేల జారుతుంది. ఆదివారం మూత. నోరు బాగోలేని మనిషి ఒంటి గంట లోపల వెళ్లి, వడ్డించే కుర్రవాడికి కాకుండా నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి పోయి పెద్దావిడకే చెప్పుకోవాలి. కారం తక్కువ అనకుండా "తాళింపుకు ముందు తీసింది, గోరువెచ్చగా, ఉత్త మజ్జిగతో" అని మూడూ విడివిడిగా చెప్పాలి. అయిదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ మజ్జిగది.

డిసెంబరు మొదటి సోమవారం నేను అందరితో పాటు మామూలు భోజనం అడిగాను. పెద్దావిడ నమ్మలేదు. నాలుక చాపి చూపించమన్నారు, చూపించాను. అయినా ఊరుబిండి చెంచా కొసకు తీసుకున్నంతే వేసి, పక్కనే గిన్నెడు పెరుగు పెట్టి, నేను మొదటి ముద్ద మింగేదాకా అక్కడే నిలబడ్డారు.